పెద్దసామి కట్టించిన పిట్టగోడ

మా తాత నోటి దగ్గరి కూడు తీసేసిన మనిషి చరిత్రను నేనే రాశాను. అది పుస్తకంగా అచ్చయింది. అట్ట మీద నా పేరుంది, వెనక అట్ట మీద నా ఫోటో ఉంది. పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల మా క్రైస్తవుల ఇళ్లలో ఆ పుస్తకం ఇప్పుడు గూట్లో బైబిలు పక్కన కనిపిస్తుంది. అందులో ఏం లేదో చెప్పవలసిన పూచీ నాదే కనుక ఇది రాస్తున్నాను.

హిందూపురంలో ముప్పై ఏళ్లు తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పుట్టింది మాత్రం పెనుకొండ అవతల, కొండల వెనక ఉన్న చిన్న పల్లెలో. ఆ పల్లెకున్న పేరంతా అక్కడి రాతిగుడి వల్ల వచ్చింది. తెల్లవాళ్ల పాలనలో ఎక్కడో చలిదేశం నుంచి పడుచు వయసులో వచ్చిన ఒక ఫాదర్ ఆ గుడి కట్టించాడు. తర్వాత ఆయన ఈ సీమకంతటికీ మొదటి బిషప్ అయ్యాడు. బిషప్‌గా ఆయన ఉండవలసింది దూరాన ఉన్న పెద్ద ఊళ్లో అయినా, చనిపోయాక తనను మా పల్లె గుడిలోనే పాతిపెట్టమన్నాడు. మా వాళ్లు ఆయన పేరు పలకరు. పెద్దసామి అంటారు, అంతే.

రిటైరైన ఏడాది ధర్మవరం నుంచి ఒక ఫాదర్ మా ఇంటికి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. కనగానపల్లి దగ్గర మాలపల్లెలో పుట్టి, చదువుకొని, గురువైనవాడు. మాలాంటివాడే.

"టీచరమ్మా, పెద్దసామి చరిత్ర మీరే రాయాల" అన్నాడు. "ఆయప్ప వాళ్ల దేశానికి రాసుకున్న జాబులన్నీ ఇంగ్లీషులోకి మార్పించి తెప్పిచ్చినాం. వాటిని మన జనం చదివేటట్టు తెలుగులో చెప్పేవాళ్లు మనలో ఇంకెవరుండారు? అదీగాక మీ తాత ఆయప్ప దగ్గర ఉపదేశి కదా."

ఉపదేశి అంటే ఫాదర్ లేనప్పుడు జపాలు చెప్పించేవాడు, పిల్లలకు సత్యోపదేశం నేర్పేవాడు, ఊరూరా తిరిగి జనాన్ని కూడగట్టేవాడు. మా తాత ఆ పని చేసేవాడని నాకూ తెలుసు. అంతకు మించి తెలియదు. ఆయన్ని నేను చూడలేదు. మా నాయన కూడా సరిగా చూడలేదు.

ఫాదర్ తాగుతున్న టీ అయిపోకముందే సరేనన్నాను. నిజం చెప్పాలంటే, పొంగిపోయాను.

చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దసామి పటం ఉండేది. గుండెల దాకా గడ్డం, మెడలో శిలువ, దయగల కళ్లు. పండగనాడు అందరం గుడికి పోయి ఆయన సమాధి ముందు మోకరించేవాళ్లం. మా అవ్వ ఒక్కతే బయట, చెప్పులు విడిచే చోట నిలబడేది.

"నువ్వు రావా అవ్వా?" అని ఒకసారి అడిగాను.

"నా మోకాళ్లు వంగవు, నువ్వు పో" అంది.

అదే అవ్వ ఆ వారమంతా పొద్దున్నించి సాయంత్రం దాకా వంగి వేరుశనగ పీకింది. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు. నేను టీచరు ట్రైనింగులో ఉండగా ఆమె పోయింది. అడిగితే చెప్పగల మనిషి అలా దాటిపోయింది.

ఫాదర్ ఇచ్చిన ఫైళ్లు ముందేసుకుని మూడు నెలలు కూర్చున్నాను. ఆ మూడు నెలల్లో పెద్దసామి మీద నాకు ప్రేమ పుట్టిన మాట దాచను. ఓడ దిగి బండి మీద ఈ గుట్టల్లోకి వచ్చిన మొదటి వేసవిలో ఆయన ఒళ్లంతా చెమటకాయలు పేలి, బోర్లా పడుకుని జాబు రాశాడు. మొదటిసారి రాగిముద్ద పెడితే పంటికింద నమిలాడట. చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వి, ముద్దను నమలకూడదు, మింగాలని నేర్పారట. కలరా వచ్చిన ఏడు ఊరివాళ్లు తలుపులు బిగించుకుంటే ఆయన మాలపల్లెలో ఇంటింటికీ తిరిగి గంజినీళ్లు పోశాడు. శవాలను ఎత్తాడు. ఊరి బావిలో మా వాళ్లను చేద వేయనివ్వకపోతే, మాలపల్లె నడుమ బావి తవ్వించి, నీళ్లు పడ్డ రోజు తానే మొదటి చేద తోడి మా వాళ్ల దోసిళ్లలో పోశాడు. తల్లి చనిపోయిన కబురు ఆయనకు మూడు నెలల తర్వాత అందింది. ఆ జాబు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, ఒప్పుకున్న పెళ్లి జరిపించడానికి పక్క ఊరికి నడిచిపోయాడు. ఆ పుట చదివిన పూట నేను అన్నం తినలేకపోయాను.

కానీ ఒక విషయం గుచ్చుతూనే ఉంది. ఆ జాబుల్లో మా తాత ఎక్కడా లేడు. తెలుగు నేర్పినవాడు "ఇక్కడి మనిషి ఒకడు". కలరా ఏటి జాబులో "నేను ఒంటరివాణ్ణి" అని రాసుకున్నాడు. శవాన్ని ఒక్కడే ఎత్తలేడు కదా, రెండో కొస పట్టినవాడెవరు?

ఆయన రాసినట్టుగా చెప్పే జపాల పుస్తకం మా చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఉంది. ఈసారి దాన్ని తెలుగు టీచరుగా చదివాను. అలసిపోయినవాళ్లు అనవలసిన చోట "యాష్టపడినవారు" అని ఉంది. పసిపిల్లల కోసం చెప్పే జపంలో "బువ్వ" అని ఉంది. మాట విరుపు, వరస, అంతా మా పల్లెదే. బయటివాడు ఎన్నేళ్లు నేర్చుకున్నా అలా రాయలేడు. ఆ పుస్తకం మా తాత చెబుతుంటే పెద్దసామి రాసుకున్నదని నాకు ఆ రోజే తేలిపోయింది. అట్ట మీద మాత్రం ఒక్క పేరే ఉంది.

అప్పుడు పెనుకొండలో ఉన్న మా మేనత్త దగ్గరికి పోయాను. మా నాయనకు అక్క. తొంభై దాటిన మనిషి. చూపు మందగించింది కానీ చెవులు, బుద్ధి నిక్షేపంగా ఉన్నాయి. చదువు రాదు. మనవడు కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పగలంతా ఇంట్లో ఆమె, మనవడి భార్య ఉంటారు.

నేను పెద్దసామి చరిత్ర రాస్తున్నానని చెప్పాను.

"గోడ సంగతి రాస్తాండావా?" అంది.

"ఏ గోడత్తా?"

"అయ్యో పాపా, నీకెవరూ చెప్పలేదా? మీ నాయన కూడా చెప్పలేదా?"

ఆమె చెప్పిందిది.

గుడి కట్టిన కొన్నేళ్లకు, పెద్దసామి బిషప్ అయిన కొత్తలో, ఊరి పెత్తందారు కుటుంబాలు నాలుగు మతంలో చేరతామని వచ్చాయి. చేలూ బావులూ ఉన్న కుటుంబాలు. వాళ్లు చేరితే చుట్టుపక్కల రైతులంతా వస్తారని పెద్దసామి ఆశపడ్డాడు. కానీ వాళ్లొక షరతు పెట్టారు. గుడిలో మాలవాళ్లతో కలిసి కూర్చోం అన్నారు. ఆయన ఒప్పుకున్నాడు. గుడి నడిమధ్య అడ్డంగా మోకాలెత్తు పిట్టగోడ లేపించాడు. ముందు భాగం వాళ్లకు, వెనక భాగం మాకు.

"జనానికి ఆ మాట చెప్పమని మా నాయన్నే పంపిచ్చినాడు" అంది అత్త. "నేను చెప్తే బాధపడతారు, నువ్వు చెప్తే వింటారు అన్నాడంట. మా నాయన ఇంటింటికీ తిరిగి చెప్పినాడు. కొన్నాళ్లే, వాళ్ల మనసు మారినాక తీసేస్తానని సామి మాటిచ్చినాడని చెప్పినాడు. జనం మా నాయన ముఖం చూసి ఒప్పుకున్నారు. ఆ గోడకు సున్నం కూడా మా నాయనే కొట్టినాడు పాపా. నేను పక్కన్నే కూర్చోని చూసినా."

ఆ తర్వాత మా నాయన పుట్టాడు. జ్ఞానస్నానం పోయించడానికి పండగనాడు తీసుకుపోయారు. పెద్దసామే స్వయంగా వచ్చిన రోజు. జ్ఞానస్నానపు రాతితొట్టి గోడకు అవతల, ముందు భాగంలో ఉంది. అదే రోజు పెత్తందారుల బిడ్డ ఒకడికీ జ్ఞానస్నానం. ఆ బిడ్డకు తొట్టి దగ్గర పోశారు. మా వాళ్ల పిల్లలకైతే తొట్టిలో నీళ్లు కంచుగిన్నెలో ముంచుకుని, గోడ దగ్గరికి తెచ్చి, ఇటు వంగి పోసేవాళ్లు. అది అప్పటికి అలవాటైపోయింది. మా తాత చేతుల మీదుగానే ఎందరో బిడ్డలకు అలా జరిగింది. గిన్నె పట్టుకునేది ఆయనే.

"ఆ పొద్దు మాత్రం గిన్నె పట్టుకోలేదు. మా అమ్మ చేతిలో బిడ్డను తీసుకున్యాడు. గోడ దాటినాడు. పోయి తొట్టి కాడ నిలబడినాడు."

ముందున్న మగవాళ్లు లేచి నిలబడ్డారు. పెద్దసామి చేతిలో పుస్తకం తెరిచే ఉంది.

"ఉపదేశీ, వెనక్కి పో" అన్నాడు మెల్లగా. "నేనే నీ దగ్గరికి వస్తాను."

"మీరు ఈడనే ఉండారు కదా సామీ. నీళ్లు కూడా ఈడనే ఉండాయి" అన్నాడు తాత.

"వెనక్కి పో."

"మీకు తెలుగు మాటలన్నీ నేనే నేర్పిచ్చినా. ఈ మాట నేను నేర్పలేదే సామీ."

పెద్దసామి గడ్డం వణికిందని అత్త చెప్పింది. ఆరేళ్ల పిల్ల కళ్లకు అది కనిపించింది, అలాగే నిలిచిపోయింది. ఆయన పుస్తకం మూసి, పక్కగదిలోకి వెళ్లిపోయాడు. తాత కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని ముట్టుకోలేదు, తిట్టలేదు. వెనక భాగంలో కూర్చున్న మా వాళ్లలో ఒక్కరూ లేవలేదు. బిడ్డ ఏడుపు మొదలుపెడితే ఆయన మళ్లీ గోడ దాటి ఇవతలికి వచ్చి, అవ్వ చేతిలో పెట్టి, బయటికి నడిచాడు.

మరుసటి వారానికి ఇంకో ఉపదేశి వచ్చాడు. ఉపదేశి ఇల్లు మిషన్ ఇల్లు కాబట్టి ఖాళీ చేయించారు. తాత పెళ్లాన్ని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని రామగిరికి పోయాడు. అక్కడ బంగారు గనుల్లో కూలికి చేరాడు. పలకా బలపం పట్టిన మనిషి, తట్టలు మోశాడు. మూడు నాలుగేళ్లకు జ్వరం వచ్చి పోయాడు. ఆయన్ని ఎక్కడ పూడ్చారో అత్తకు గుర్తు లేదు. గుట్ట పక్కన అంది.

"మరి మా నాయనకు జ్ఞానస్నానం?" అని అడిగాను. గుడిలోని జ్ఞానస్నానాల రిజిస్టరులో పెద్దసామి చేతి మీదుగానే జరిగినట్టు రాసి ఉండటం నేను చూశాను.

అత్త నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"నాయన పోయినాక మా అమ్మ మమ్మల్ని పిల్చుకోని మళ్లీ మన పల్లెకే వచ్చింది. యాడికి పోతాది? పెద్దసామి వచ్చిండాడని తెలిసి పోయింది. నా కొడుకుని బళ్లో వేసుకోండి, వాడి నాయన మీకు చేసిన చాకిరీ చూసైనా వేసుకోండి అని అడిగింది. ఆయప్ప మా అమ్మ ముఖం చూడలేదు. తమ్ముని చెయ్యి పట్టుకోని గుళ్లోకి పిల్చుకపోయినాడు. పండగ కాదు, ఆదివారమూ కాదు. ఎవరూ లేరు. లోపలికి పోయి తలుపులేసుకున్యాడు. ఆ తొట్టి కాడనే, గోడ అవతలనే, వాని నెత్తిన నీళ్లు పోసినాడు. మళ్లీ తలుపు తీసి పంపిచ్చినాడు. తడినెత్తితో వచ్చి తమ్ముడే చెప్పినాడు. రేపట్నించీ బడికి పంపు అన్నాడు. అంతే."

నేను అడగాలనుకున్నవన్నీ మరచిపోయాను. చేసింది తప్పని పెద్దసామికి తెలుసు. తెలుసు కాబట్టే పోశాడు, తెలుసు కాబట్టే తలుపులు వేశాడు. ఆ బడిలో చదివే మా నాయన పంతులయ్యాడు. ఆయన పంతులయ్యాడు కాబట్టి నేను టీచరునయ్యాను. మేం తిన్న ప్రతి మెతుకూ మూసిన ఆ తలుపుల వెనకాల నుంచే వచ్చింది. మా నాయన ఆ పటం ముందు ప్రతి ఆదివారం కొవ్వొత్తి వెలిగించేవాడు. ఆయనకు ఇదంతా తెలిసి వెలిగించాడా, తెలియక వెలిగించాడా? అత్తను అడిగితే, "తెలుసు" అంది.

హిందూపురం రైల్లో తిరిగి వచ్చి, ఆ ఏటి జాబులన్నీ మళ్లీ తిరగేశాను. దొరికింది. ఒక ఉపదేశిని తీసేయవలసి వచ్చిందని, వాడికి గర్వం తలకెక్కిందని ఒకే ఒక్క వాక్యం. దాని తర్వాత పుట నిండా గుడి పైకప్పుకు మార్చే కొత్త పెంకుల గురించి. మంగుళూరు నుంచి వచ్చిన పెంకుల్లో పగిలినవి ఉన్నాయట, వాన ముంచుకొస్తోందట. తలుపులు మూసి పోసిన జ్ఞానస్నానం గురించి ఏ జాబులోనూ లేదు.

పుస్తకం పదకొండు అధ్యాయాలైంది. మంచినీళ్ల బావి గురించి రాశాను, కలరా గురించి రాశాను, తల్లి చావు గురించి రాశాను. తొమ్మిదో అధ్యాయంలో గోడ గురించి రాశాను. ఒక్క మాట పెంచలేదు. ఆయన గడ్డం వణకడం కూడా రాశాను. ఆయన రాయి కాదని తెలియాలి కదా.

ధర్మవరం పోయి ఫాదర్ చేతికి ఇచ్చి వచ్చాను. వారానికి పిలిచాడు. నేను పోయేసరికి కాగితాలు బల్ల మీద ఉన్నాయి. తొమ్మిదో అధ్యాయం విడిగా పక్కన పెట్టి ఉంది.

"చదివినాను టీచరమ్మా. రెండుసార్లు చదివినా." అన్నాడు. "మా ఊర్లో మా అమ్మ కూడా వెనకనే కూర్చునేది. నేను గురువై మొదటి పూజ చేసిన రోజు ముందు వరసలో కూర్చోమంటే వచ్చింది కాదు."

"అయితే మీకు చెప్పేదేముంది ఫాదర్?"

"ఇది వేయలేం."

"ఎందుకు?"

"ఆయప్పను పునీతునిగా, సెయింటుగా ప్రకటించమని రోముకు అర్జీ పోతాంది. మీ పుస్తకం ఆ పనికే. కమిటీలో ఎవరెవరుండారో మీకూ తెలుసు. ఆ నాలుగు కుటుంబాల మనవళ్లు కూడా ఉండారు. వాళ్లిప్పుడు మంచోళ్లే. వాళ్ల తాతలు చేసిందానికి వాళ్లనేం అంటాం?"

"నేను వాళ్లను ఏమీ అనలేదు. వాళ్ల తాతల పేర్లు కూడా రాయలేదు. గోడ కట్టించిన మనిషి గురించి రాశాను."

"ఆయప్ప లేకపోతే నేనూ లేను, మీరూ లేరు టీచరమ్మా."

"అదీ రాశాను కదా."

ఆయన కళ్లు దించుకున్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. మా తాతను ఇంటింటికీ పంపినట్టే ఇప్పుడు నాకు చెప్పే పని ఈయనకు అప్పగించారు. ఈయన చెబితే నేను వింటాననుకున్నారు.

"ఆ అధ్యాయం లేకుంటే నా పేరు వేయద్దండి" అని లేచాను.

"చూస్తాను" అన్నాడు.

నేను కాగితాలు వెనక్కి అడగలేదు. ఇక్కడ నా తప్పును నేనే చెప్పుకోవాలి. అడిగి ఉంటే ఇచ్చేవాడు. అడగకపోవడానికి కారణం మర్యాద కాదు. మొదటి పుస్తకం అచ్చు కావాలని, దాన్ని చేతిలో పట్టుకోవాలని నాకు లోపల ఆశగా ఉంది.

పండగ రోజు మా పల్లె గుడి ముందు షామియానా వేశారు. ఇప్పటి బిషప్ వచ్చాడు. బెంగళూరు నుంచి కూడా బస్సుల్లో జనం వచ్చారు. నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. పుస్తకం ఆవిష్కరించి మొదటి ప్రతి నా చేతికిచ్చారు. అట్ట మీద నా పేరుంది. నేను నేరుగా తొమ్మిదో అధ్యాయం తీశాను. అక్కడ బడి గురించి ఉంది. నేను రాసిన పదోది తొమ్మిదైంది. ఎనిమిదో అధ్యాయం చివర నేను రాయని మూడు వాక్యాలు చేర్చి ఉన్నాయి. స్థానికుడైన ఒక ఉపదేశి పెద్దసామికి నీడలా ఉండి, కడ ఊపిరి వరకు వినయంతో సేవ చేసి, దేవుని చెంతకు చేరాడట. ఆ భాగ్యశాలి మనవరాలే ఈ రచయిత్రి అట.

ఆ వాక్యాలు నాలుగైదుసార్లు చదివాను. చుట్టూ ఏం జరుగుతోందో తెలియలేదు. ధర్మవరం పట్టు శాలువా భుజాల మీద పడింది. చప్పట్లు. మైకు నా ముందు పెట్టారు.

ఆ మైకు ముందు ఏమేం మాట్లాడి ఉండవచ్చో తర్వాత వందసార్లు ఇంట్లో మాట్లాడుకున్నాను. ఆ రోజు మాత్రం, "అందరికీ నమస్కారం, ఈ అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు" అని కూర్చున్నాను. ఫాదర్ నా వైపు చూడలేదు. మా తాత గోడ దాటిన గుడి నా వీపు వెనకే ఉంది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన గొంతు, రెండు ముక్కలకే పరిమితమైంది.

వారం తర్వాత అత్తను చూడటానికి పోయాను. పుస్తకం తీసుకుపోక తప్పలేదు. ఆమె అట్ట తడిమింది. నా ఫోటో ఎక్కడుందో వేలితో చూపించమంది.

"గోడ సంగతి చదువు పాపా" అంది.

నేను పుస్తకం తెరిచి పట్టుకున్నాను. మొదటి రెండు మాటలు చదివినట్టు నటించి, ఆ తర్వాత మనసులో ఉన్నది, నేను రాసి ఇచ్చిన అధ్యాయమంతా చెప్పుకుంటూ పోయాను. మధ్యమధ్య పేజీ తిప్పాను. తాత సున్నం కొట్టిన దగ్గర ఆమె తలాడించింది. "ఈ మాట నేను నేర్పలేదే సామీ" అన్న దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అయిపోయాక, "ఇంక అందరూ చదువుతారు" అంది. "మా అమ్మ బతికింటే బాగుండు."

బస్సెక్కి హిందూపురం వచ్చాను. దారి పొడవునా, ఒక ముసలామెకు కాస్త నెమ్మది ఇచ్చానులే అని నాకు నేను చెప్పుకున్నాను.

మూడో రోజు ఫోన్ మోగింది. అత్త మనవడి భార్య నంబరు. మాట్లాడింది అత్త.

"పాపా, మా నాయన కడ ఊపిరి దాకా ఆయప్పకు నీడ మాదిరి ఉన్నాడంట కదా?"

ఆమె పక్కింటివాళ్లను కూర్చోబెట్టుకుని, మనవడి భార్య చేత చదివించిందని తర్వాత తెలిసింది. గోడ సంగతి చదవమని మూడుసార్లు అడిగిందట. అట్టాంటిది ఇందులో యాడా లేదవ్వా అందట ఆ అమ్మాయి.

"నువ్వు చదివిందేది మరి?" అంది అత్త.

"అది నేను రాసిందే అత్తా. వాళ్లు వేయలేదు."

"వేయలేదని చెప్పొచ్చు కదా. ఆ పుస్తకం పట్టుకోని నాకెందుకు చదివినట్టు చేసినావు? గుడ్డిదాన్ననా? చదువు రాదనా?"

"అత్తా..."

"పెట్టెయ్" అంది.

ఆ మాటతో నాకు కదలిక వచ్చింది. ఆలస్యంగానే వచ్చింది. నా దగ్గరున్న చిత్తుప్రతిలోంచి తొమ్మిదో అధ్యాయాన్ని హిందూపురంలో టైపు చేయించి, జిరాక్సులు తీయించి, పై భాగాన నా పేరు వేసి, ఒక ఆదివారం మా పల్లెకు పోయాను. పూజ ముగిసి జనం బయటికి వస్తుంటే ఒక్కొక్కరి చేతిలో పెట్టాను. పిట్టగోడను మా నాయన కాలంలోనే కొట్టేశారు. ఇప్పుడు ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు. అయినా మా వాళ్లు వెనకవైపు నుంచే బయటికి వచ్చారు.

కొందరు మడిచి జేబులో పెట్టుకున్నారు. కొందరు అక్కడే నిలబడి చదివారు. ఒకామె చదివి ఏడ్చింది. మా నాయనతో చదువుకున్న ఒక పెద్దాయన మాత్రం కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు.

"ఇప్పుడెందుకు తల్లీ ఇవన్నీ?" అన్నాడు. "ఆయప్ప పునీతుడైతే మన ఊరికి మంచి రోడ్డు వస్తాదంట. బెంగళూరు జనం వస్తారంట. మా మనవడు గుడి ముందర అంగడి పెట్టుకుంటానంటాండాడు. దీన్ని ఎవరైనా పైకి పంపితే అదీ పోతాది."

"మన తాతలకు జరిగింది మామా ఇది."

"జరిగింది. నాకు తెలీదా? మా నాయన ఆ పొద్దు వెనక వరసలోనే కూర్చోనుండె. లేవలేదని చచ్చేదాకా ఏడ్చినాడు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అయినా రోడ్డు రానీ తల్లీ."

ఆయనతో వాదించలేదు. మిగిలిన కాగితాలు సంచిలో వేసుకుని అత్త దగ్గరికి పోయాను. ఆమె నన్ను కూర్చోమంది, నీళ్లిమ్మని మనవడి భార్యకు చెప్పింది. నేను కాగితం ఆమె చేతిలో పెట్టి, ఈసారి నిజంగా ఇందులోనే ఉంది, ఆ అమ్మాయి చేతనే చదివించుకోమన్నాను. ఆ అమ్మాయి చదివింది. అత్త చివరిదాకా విన్నది.

"దీని మీద నీ పేరుండాదా?" అంది.

"ఉంది అత్తా."

"ఆ పుస్తకం మీద కూడా ఉండాది కదా. మరి జనం ఏది నిజమనుకోవాల?"

అత్త ఆ కాగితాన్ని దిండు కింద పెట్టుకుంది. నాతో మళ్లీ మామూలుగా మాట్లాడింది. కానీ తాత గురించి ఆ తర్వాత ఒక్క మాట కూడా చెప్పలేదు. నేను అడిగిన ప్రతిసారీ గుర్తు లేదంది. ఏడాది తిరక్కుండా పోయింది.

పుస్తకం రెండో ముద్రణకు వచ్చింది. ఇంగ్లీషులోకి కూడా మార్పించారనీ, రోముకు పోయిన కాగితాల్లో దాన్నీ చేర్చారనీ ఫాదర్ ఫోన్ చేసి చెప్పాడు. సాక్ష్యం కింద పనికొస్తుందన్నాడు. ఉపదేశి కుటుంబం నుంచే వచ్చిన సాక్ష్యం కాబట్టి విలువ ఎక్కువట. నేను తొమ్మిదో అధ్యాయాన్ని నాకొచ్చిన ఇంగ్లీషులో రాసి, హిందూపురం హెడ్ పోస్టాఫీసు నుంచి రోముకు రిజిస్టరు చేశాను. అందినట్టు కార్డు వచ్చింది. దాని మీద ఎవరిదో సంతకం ఉంది, చదవడానికి రాలేదు. ఇప్పటికి మూడేళ్లు. ఇంకే కబురూ లేదు.